రంగుకు ముందు

రేపు పొద్దున ఏడుకు రంగులోళ్లు వస్తారంట.
మామా చెప్పింది.
ఇక్కడ మామా అంటే ఇంటామె.
మా రాయచోటి పక్క మామ అంటే మీసాలుండాల.
ఆరేళ్లయినా ఆ మాటకు లోపల నవ్వొస్తానే ఉంటుంది.

జాబ్రియాలో రెండంతస్తుల ఇల్లు, పదకొండు గదులు.
ముందు పరదాలు దించినా.
ఒక్కోదానికి ఇరవైరెండు కొక్కేలు,
లెక్క తప్పితే నా తలకే.
ఒక్కో పరదా దిగేకొద్దీ
అప్పిచ్చినోడి మాదిరి
ఎండ లోపలికి తోసుకొని వచ్చింది.

స్విచ్చుల మూతలు విప్పి
ఏ గది మరలు ఆ గది పేరుతో
జామ్ సీసాల్లో వేసి చీటీలు అంటించినా.
పేర్లు తెలుగులో రాసినా.
ఈ ఇంట్లో తెలుగు చదివేది నేనొక్కదాన్నే.
అంటే మూడు దినాలు
ఈ ఇంటి దీపాలన్నీ నా చేతిరాత కింద ఉంటాయి.

పటాలు తీస్తే
గోడ మీద పటాలంత తెల్లదనం.
మిగతాదంతా బుఖూర్ పొగ, దుమ్ముగాలి.
దీవానియాలో
పెద్దాయన తల ఆనించి కూర్చునే చోట
నూనె మరక, సొరకాయంత.
ఆయన పోయి రెండేళ్లు.
మామా దాని ముందర నిలబడి
"ఇది కడగొద్దు" అనింది.
బక్కెట్టు పక్కకు జరిపినా.
పది నిమిషాలకు మళ్లీ వచ్చి
"కడుగు" అనింది, ఫోను చూసుకుంటా.

మా ఊర్లో సున్నం కొట్టాలంటే
పొరకతో రెండు దులుపులు దులిపితే చాలు.
ఈ గోడలకు మర్యాదలెక్కువ.
సోడా నీళ్లతో కడగాల, కింద నుంచి పైకి,
పై నుంచి కిందికైతే చారలు పడతాయి.
ఆరనియ్యాల. మేకులు పీకిన బొక్కల్లో పుట్టీ పెట్టాల.
గరుకు కాగితంతో రుద్ది, మళ్లా తడిగుడ్డ.
పెళ్లికూతురికి నలుగు పెట్టినట్టే,
పాట పాడేవాళ్లే లేరు.

రంగేసే గదుల చీటీలో నా గది లేదు.
అందుకే విరిగేవి, వెలగలవి అన్నీ అక్కడికే చేరినాయి.
ఈ రాత్రి తివాచీ చుట్టల మధ్య పడుకోవాల.
నాలుగు గోడ గడియారాలు, నాలుగు టైములు.
హాల్లో సోఫాలు దుప్పట్లు కప్పుకొని
జొరమొచ్చిన మనుషుల మాదిరి నడిమధ్యలో ముడుచుకున్నాయి.

ఆఖరికి స్టోరు రూములో బీరువా జరిపితే
గోడ మీద బాల్‌పెన్ను రాత.
నాలుగు వరసలు,
జిలేబీ చుట్టల మాదిరి అక్షరాలు.
కూచుంటే చెయ్యి అందే ఎత్తులో ఉంది.
నాకంటే ముందు పనిచేసినామె
ఇక్కడ కూచున్నిందన్నమాట.
గరుకు కాగితం చేతిలోనే ఉంది.
చెయ్యి మాత్రం లేవలా.

ఏడుకంటే ముందే గంట కొట్టినాడు ముత్తెన్న.
నిర్మల్ వైపు మనిషి. గోడ మీద అరచెయ్యి రాసి చూసి
"ఎవలు కడిగిన్రు? సగం రంగు నువ్వే ఏసినవ్ గద అక్కా" అన్నాడు.
ఆ మాటకు జీతం పెరగదు గానీ
టీలో చక్కెర ఒక చెంచా ఎక్కువేసినా.

స్టోరు రూము కాడ ఆగినాడు.
"గీ పెన్ను రాత తీయలేదేంది?
మీద రంగేసినా నెలకో రెండు నెల్లకో
సిరా పైకి తేల్తది."
"బీరువా వెనకాలే గదా. తేలనీ."
వంగి చూసినాడు.
"సింహళం లెక్కుంది. మా క్యాంపుల ఒకడు గిట్లనే రాస్తడు.
ఫోటో తీస్క పోయి చదివియ్యాల్నా?"
జేబులోంచి ఫోను సగం బయటికొచ్చింది.
"వద్దులేన్నా. ఆమె మనకు రాయలా."

ఫోను మళ్లా జేబులోకి పోయింది.
మెట్ల మీంచి మామా "యల్లా, యల్లా."
డబ్బా మూత లేచింది.

దీవానియా పరదాకు కొక్కేలు ఇరవై ఒకటే ఉన్నాయి.
మోకాళ్ల మీద వెతుకుతున్నా,
ప్లాస్టిక్ పట్టా కింద
చెయ్యి పెట్టి.